ఆఫీసు నెట్‌వర్క్, 5వ పాఠం: హెచ్ డ్రైవ్ పర్మిషన్లు, ఆ తర్వాత డ్రైవ్ మ్యాపింగ్

పోయిన పాఠంలో హోమ్ ఫోల్డర్లు పెట్టాం, అంటే సర్వర్‌లో ప్రతి మనిషికీ ఒక సొంత ఫోల్డర్, అతని కంప్యూటర్‌లో హెచ్ డ్రైవ్‌గా కనపడేది. చాలామంది రెండు చోట్ల చిక్కుకున్నారు. కొన్ని ఆఫీసుల్లో అకౌంట్స్ వాళ్ల జీతాల షీటును స్టోర్స్ వాళ్లు తెరిచి చదవగలుగుతున్నారు. ఇంకొన్ని చోట్ల తెల్లారేసరికి ఎవరి హెచ్ డ్రైవూ తెరుచుకోలేదు. ముందు ఇవి సర్దుదాం, మ్యాపింగ్ తర్వాత.

సర్వర్‌లో డి డ్రైవ్ మీద ఫోల్డర్ పెట్టగానే డ్రైవ్‌కున్న పర్మిషన్లే దానికీ దిగుతాయి. అందులో యూజర్స్ గ్రూపుకు, అంటే లాగిన్ అయ్యే వాళ్లందరికీ, చదివే హక్కు ఉంటుంది. అదే హోమ్ ఫోల్డర్‌కీ, దాని లోపల ప్రతి మనిషి ఫోల్డర్‌కీ వస్తుంది. షేర్ పేరు (నెట్‌వర్క్‌లో ఆ ఫోల్డర్ కనపడే పేరు) చివర డాలర్ పెట్టాం కదా అనకండి. డాలర్ పేరును జాబితాలో కనపడకుండా చేస్తుందంతే, దారి తెలిసినవాణ్ణి ఆపదు.

హోమ్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, డిజేబుల్ ఇన్‌హెరిటెన్స్. ఇది పైనుంచి హక్కులు దిగడాన్ని ఆపుతుంది. కన్వర్ట్, రిమూవ్ ఆల్ అని రెండు దారులు అడుగుతుంది. కన్వర్ట్ నొక్కండి. ఇక్కడే పని అయిపోయిందనుకుని ఓకే కొట్టేస్తున్నారు. అవలేదు! కన్వర్ట్ చేస్తే పైనుంచి వచ్చిన హక్కులు పోవు, ఈ ఫోల్డర్ సొంత హక్కులుగా మారి అక్కడే ఉంటాయి. యూజర్స్, ఎవ్రీవన్ పేర్లతో ఉన్న వరుసలన్నిటినీ ఒక్కొక్కటీ ఎంచి రిమూవ్ చేయాలి. యూజర్స్ పేరు ఒకటికంటే ఎక్కువ వరుసల్లో ఉంటుంది, ఒకటి తీసి ఊరుకోవద్దు. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్, క్రియేటర్ ఓనర్, ఈ మూడే మిగలాలి. రిమూవ్ ఆల్ జోలికి పోవద్దు, అడ్మినిస్ట్రేటర్స్ వరుస కూడా ఎగిరిపోతుంది.

యూజర్స్‌ను తీసేస్తే మనిషి తన ఫోల్డర్ దాకా ఎలా వెళ్తాడంటారా? బైపాస్ ట్రావర్స్ చెకింగ్ అనే హక్కు విండోస్‌లో మొదటినుంచీ అందరికీ ఉంటుంది. దానివల్ల మధ్యలో ఉన్న ఫోల్డర్ల పర్మిషన్ అడగదు, చివరి ఫోల్డర్‌దే చూస్తుంది.

హెచ్ డ్రైవ్‌లన్నీ మూతపడ్డవాళ్లు అదే కిటికీలో కిందనున్న రీప్లేస్ ఆల్ చైల్డ్ టిక్ పెట్టారు. యాక్టివ్ డైరెక్టరీ (సర్వర్‌లో యూజర్ల పట్టిక) నుంచి ఫోల్డర్ తయారైనప్పుడు ఆ మనిషి పేరు మీద పడ్డ సొంత హక్కును ఆ టిక్ తుడిచేస్తుంది. ఇప్పుడు ఒక్కో ఫోల్డర్‌కూ ఆ మనిషిని మళ్లీ చేర్చడమే మార్గం. నేనైతే ఫుల్ కంట్రోల్ ఇవ్వను, మాడిఫై చాలు. ఫుల్ ఇస్తే పక్కవాడికి తనే హక్కులిచ్చేయగలడు. షేర్ పర్మిషన్ (నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్లకు వర్తించేది) కూడా ఆథెంటికేటెడ్ యూజర్స్‌కు చేంజ్, అడ్మినిస్ట్రేటర్స్‌కు ఫుల్ అని ఉంచండి.

ఇక మ్యాపింగ్, అంటే సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌ను అందరి కంప్యూటర్లలో ఒక డ్రైవ్ అక్షరంగా చూపించడం. అన్ని కంప్యూటర్లకూ ఒకేచోటనుంచి సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీలో యూజర్ కాన్ఫిగరేషన్, ప్రిఫరెన్సెస్, విండోస్ సెట్టింగ్స్, డ్రైవ్ మ్యాప్స్. యాక్షన్ దగ్గర అప్‌డేట్ పెట్టండి. రీప్లేస్ పెడితే ఉన్న డ్రైవ్‌ను తెంచి మళ్లీ కలుపుతుంది, తెరిచి ఉన్న ఫైలుకు ముప్పు. అక్షరం ఎస్ లేదా పి తీసుకోండి, ఇ, ఎఫ్ పెన్‌డ్రైవ్‌లకు వదిలేయండి. డ్రైవ్ ఎవరికి రావాలో చెప్పే ఐటమ్ లెవెల్ టార్గెటింగ్‌లో గ్రూపు పేరు ఇవ్వండి. గ్రూపులో కొత్తగా చేర్చినవాళ్లు లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయితేగానీ డ్రైవ్ రాదు.

కరెంటు పోయి వచ్చాక డ్రైవ్ మీద ఎర్ర గుర్తు పడితే సర్వర్‌ను అనుమానించకండి. కంప్యూటర్లను సర్వర్‌తో కలిపే నెట్‌వర్క్ స్విచ్ లేచేలోపే కంప్యూటర్ లాగిన్ అయిపోయింది. స్విచ్‌ను కూడా యూపీఎస్ మీద పెట్టండి.

రాయగడ, పర్లాకిమిడి, బరంపురం ఆఫీసుల్లో ఫైళ్ల పేర్లు తెలుగులోనో ఒడియాలోనో పెడతారు, పెట్టుకోవచ్చు. కాకపోతే ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరమే, విండోస్ లెక్కలో నాలుగు. ఫోల్డర్లతో కలిపి దారి 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు తెరవవు, ఎక్సెల్‌కు హద్దు 218. లోతుగా ఫోల్డర్లు వేయనివ్వకండి.

అభ్యాసం: అడ్మిన్ హక్కుల్లేని ఇద్దరు యూజర్లను తయారుచేయండి. మొదటివాడిగా లాగిన్ అయి రెండోవాడి ఫోల్డర్ పూర్తి దారి టైపు చేయండి, యాక్సెస్ డినైడ్ రావాలి. తర్వాత తన ఫోల్డర్ సెక్యూరిటీలో రెండోవాడిని చేర్చి చూడండి, అదీ కుదరకూడదు. చివరగా ఇద్దరికీ అడ్వాన్స్‌డ్‌లోని ఎఫెక్టివ్ యాక్సెస్ (మనిషికి నిజంగా ఏ హక్కులున్నాయో చూపేది) తెరిచి, వచ్చిన ఫలితాన్ని వరుస వరుసా నోటు పుస్తకంలో రాయండి. అది చేయనివాళ్లు కోటాల (ఒక్కొక్కరికి ఎంత డిస్కు చోటో హద్దు పెట్టే) పాఠానికి రావద్దు.