క్లబ్ లైసెన్స్ ఫైల్ పంపే ముందు ఇవి చూసుకోండి

బెజవాడలో ఫుట్‌బాల్ క్లబ్ పెట్టి పై లీగ్‌ల దాకా వెళ్లాలని ఉబలాటపడుతున్న మనవాళ్లకి, ముఖ్యంగా ఆ లీగ్‌ల్లో ఆడటానికి ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి తెచ్చుకోవాల్సిన లైసెన్స్ ఫైల్ నెత్తిన పడ్డ గవర్నర్‌పేట అకౌంటెంట్లకి.

– ముందు జీతాల బకాయిలు లేకుండా చూసుకోండి. ఆటగాళ్లవే కాదు, కోచ్‌వి, ఫిజియోవి కూడా. ఇది 'ఎ' కేటగిరీ షరతు, తప్పితే లైసెన్స్ రాదు. 'బి' అయితే జరిమానాతోనో హెచ్చరికతోనో బయటపడొచ్చు. హైదరాబాద్ ఎఫ్‌సీ కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా 2023లో ఫిఫా ఆపేసింది బకాయిల వల్లే.

– గడువు పెంచుకుంటే సంతకాలతో కాగితం ఉండాలి. "వచ్చే నెల తీసుకో తమ్ముడూ" అని ఫోన్లో అనేసుకుంటే చెల్లదు, అది బకాయి కిందే లెక్క.

– టీడీఎస్ (జీతంలో కోసి కట్టే పన్ను), పీఎఫ్ చలాన్లు నెలవారీగా పెట్టండి. మామూలుగా టీడీఎస్‌కి తర్వాతి నెల 7, పీఎఫ్‌కి తర్వాతి నెల 15 ఆఖరి తేదీలు (మార్చి టీడీఎస్‌కి మాత్రం వేరు). జీతం పూర్తిగా వేసి పన్ను కట్టకపోయినా బకాయే, చాలామంది దొరికేది ఇక్కడే.

– ఆటగాణ్ని తీసుకున్నందుకు వేరే క్లబ్‌కి ఇవ్వాల్సిన ట్రాన్స్‌ఫర్ సొమ్ము వాయిదాల్లో ఉంటే ప్రతి వాయిదా తేదీ విడిగా రాయండి, మొత్తం ఒకే అంకెగా వేస్తే ఎంత దాటిపోయిందో తెలీదు.

– ఆడిట్ బయటి సీఏ చేయాలి, సంతకం కింద యూడిన్ నంబర్ (సీఏ సంతకం చేసిన ప్రతి పత్రానికీ విడిగా వచ్చే గుర్తింపు నంబర్) ఉందో లేదో చూడండి. ఓనర్ గారి బావమరిది సీఏ అయినా సరే, వద్దు.

– బడ్జెట్‌లో స్పాన్సర్ డబ్బు ఒప్పందంలో ఉన్నంతే వేయండి. "మాటిచ్చారు సార్" అనేది ఆదాయం కాదు.