అట్టపెట్టెల పని – రెండో పాఠం: ఫైళ్లు నిలబెట్టే గూడు

పోయిన పాఠంలో పెట్టెను చింపకుండా విప్పడం నేర్చుకున్నాం. అతుకు దగ్గర ఊడదీసిన పెట్టె ఈపాటికి నాలుగు గోడలూ కలిసిన ఒకే పొడవాటి అట్టగా మీ ముందు నేలమీద పరిచి ఉండాలి. ఇవాళ దాంతో ఏ4 ఫైళ్లు, వారపత్రికలు, కరెంటు బిల్లులు, పిల్లల నోట్‌బుక్కులు నిలువుగా పెట్టుకునే గూడు చేద్దాం.

కట్టర్ పట్టేముందు అట్ట అంచును పక్కనుంచి చూడండి. రెండు చదును కాగితాల మధ్య ముడతల కాగితం ఉంటుంది. ఆ ముడతలు దుక్కి చాళ్ల మాదిరి అన్నీ ఒకే వైపుకు సాగుతాయి. మనం వాటిని చాళ్లు అనే పిలుచుకుందాం. పనికిరాని అట్టలోంచి 20 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పున రెండు ముక్కలు కోయండి. ఒకదాంట్లో చాళ్లు పొడవునా ఉండాలి, రెండోదాంట్లో అడ్డంగా. రెండు చివరలూ పట్టుకుని వంచి చూడండి. అడ్డ చాళ్లది ఇట్టే వంగిపోతుంది, పొడవు చాళ్లది మొండికేస్తుంది. ఈ పరీక్ష చేయకుండా ముందుకు పోవద్దు. ఇంట్లో చేసిన గూళ్లు నెల తిరక్కుండా నడుం వంచేస్తున్నాయంటే చాలావరకు కారణం ఇదే. జిగురు మంచిది కాదని దాని మీద నెపం వేస్తారు గానీ, తప్పు చాళ్ల దిక్కులో ఉంటుంది.

ఈ ముడతల కాగితానికి 1856లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది పెట్టెల కోసం కాదు, పొడవాటి టోపీల లోపల అస్తరుగా వేయడానికి. సీసాలు పగలకుండా చుట్టడానికి 1871లో అమెరికాలో మరొకరు పేటెంటు తీసుకున్నారు. ఆ పనులకు అది సులువుగా వంగే గుణం కావాలి. మనకు వంగని గుణం కావాలి. కాబట్టి గూడు గోడల్లో చాళ్లు కింది నుంచి పైకి, నిలువుగా ఉండాలి. కంపెనీ పెట్టెల్లో అవి సాధారణంగా అలాగే ఉంటాయి, ఎందుకంటే గోడౌన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పెట్టె ఎత్తే మీ గూడు ఎత్తు అయ్యేట్టు అట్టను పెట్టుకుంటే చాలు.

అట్ట 3 ప్లై అయితే, అంటే మూడు కాగితపు పొరలదైతే, బాగుంటుంది. ఆన్‌లైన్లో తెప్పించుకున్న సామాన్ల పెట్టెలు ఎక్కువగా ఇవే. యాపిల్ పండ్లలాంటి బరువు సరుకు వచ్చే 5 ప్లై అట్టలో రెండు వరసల చాళ్లుంటాయి. గట్టిదే, కానీ ఇంత ఇరుకు గూటికి మడత నీటుగా రాదు. దాన్ని పెద్ద అరల కోసం దాచండి. తడి మరకలున్న అట్ట, ముక్కిన వాసన వచ్చే అట్ట ఎంత దళసరిగా ఉన్నా వద్దు.

ఇక కొలతలు. 71 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు అట్ట కావాలి. ఆ 40లో పై 31 గోడ, కింది 9 అడుగు రెక్కలు. పెట్టెకున్న పాత అడుగు మడత నుంచే 31 పైకి, 9 కిందికి కొలిస్తే ఒక మడత శ్రమ తప్పుతుంది. అక్షరాలు, బొమ్మలు ఉన్న వైపు పైకి పెట్టుకోండి, అది గూటి లోపలికి పోతుంది. ఎడమ నుంచి వరసగా వెనక గోడ 9.5, పక్క గోడ 24.5, ముందు గోడ 9.5, రెండో పక్క గోడ 24.5, చివర జిగురు పట్టీ 3. అంటే నిలువు గీతలు 9.5, 34, 43.5, 68 దగ్గర పడతాయి. ఏ4 కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 ఎత్తు. అయినా లోతుకు 24.5 ఇచ్చానంటే ఫైలు అట్ట కాగితం కన్నా వెడల్పు కనుక. పైగా ప్రతి మడతా అట్ట మందమంత, సుమారు 3 మిల్లీమీటర్లు, లోపలి చోటు తినేస్తుంది. అచ్చంగా కొలిచి కోస్తే ఫైలు దూరదు.

పెట్టె పాత మూల మడత ఒకటి మీ పక్క గోడ మధ్యలో పడొచ్చు. గీతలు కాస్త జరిపి దాన్ని ఏదో ఒక కొత్త మడత మీదికి తేగలరేమో చూడండి. కుదరకపోతే లోపలి వైపు ఆ మడత మీద నాలుగు వేళ్ల వెడల్పు అట్ట ముక్క అతికించండి. ఈ ముక్కలో మాత్రం చాళ్లు అడ్డంగా ఉండాలి. ఎందుకో ఇందాకటి పరీక్ష చెప్పేసింది.

వాలు కోత అట్ట చదునుగా ఉండగానే కోయాలి. ముందు గోడ ఎత్తు 12 చాలు. పక్క గోడకు పై అంచున వెనక మూల నుంచి 8 సెంటీమీటర్లు సమానంగా వదిలి, అక్కడినుంచి ముందు గోడ 12 గుర్తు దాకా వాలుగా గీత గీయండి. మొదటి పక్క కోయగా వచ్చిన ముక్కను తిరగేసి రెండో పక్క మీద పెట్టి గీస్తే రెండూ సరిపోతాయి. స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌ను ఒకే గీత మీద మూడుసార్లు నడపండి. మొదటిసారి పై కాగితం తెగితే చాలు. ఒక్క దెబ్బకు కోయాలని బలం పెడితే చాళ్లు నలుగుతాయి, వేలికీ ప్రమాదం. ముందు గోడ మధ్యలో, అడుగు నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తున, నీళ్ల సీసా మూత పెట్టి గీసి వేలు దూరే రంధ్రం చేయండి. బీరువాలో గూళ్లు ఇరుకుగా సర్దినప్పుడు లాగడానికి అదే ఆధారం.

మడతలకు ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను లేదా స్టీలు గరిటె కాడ వాడండి. నిలువు మడతలు చాళ్ల వెంటే పోతాయి కాబట్టి అట్ట మీ గీతను కాదని పక్క చాలులోకి జారాలని చూస్తుంది. స్కేలు కదలకుండా పట్టుకుని రెండుసార్లు నొక్కి గీయండి. అడుగు రెక్కల మధ్య కోతలు పెట్టి, ఒక్కో రెక్క రెండు పక్కలా 3 మిల్లీమీటర్లు తీసేయండి. జిగురు పట్టీ కింద రెక్క అక్కర్లేదు, కోసేయండి.

అతికించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు. పట్టీ వెనక గోడకు లోపలి వైపు అంటాలి. బట్టల క్లిప్పులు పెట్టి అరగంట వదిలేయండి. తర్వాత ముందు, వెనక రెక్కలు లోపలికి మడిచి, వాటి మీదికి పక్క రెక్కలు రెండూ వేసి అతికించండి. అడుగు అంతటా కనీసం రెండు పొరలు పడుతుంది. లోపల పాత పుస్తకాలు పెట్టి రాత్రంతా ఉంచితే గట్టిపడుతుంది.

పైన కాగితం అంటిస్తారా? పాత క్యాలెండర్ తేదీల కాగితాలు బాగుంటాయి. దేవుడి బొమ్మ ఉన్న కాగితం కోయడానికి ఎలాగూ చేయి రాదు. ఈ పనికి మైదా ఉడికించిన జిగురు చాలు. గ్లాసు నీళ్లకు రెండు చెంచాల మైదా, ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద చిక్కబడేదాకా కలుపుతూ ఉంచండి. పల్చగా రాయాలి. తడి ఎక్కువైతే చాళ్లు మెత్తబడతాయి. బయట ఒక్క వైపే కాగితం వేస్తే ఆరేటప్పుడు గోడ అటు లాక్కుంటుంది, కాబట్టి లోపల కూడా వేయండి. మైదాకు బొద్దింకలు వస్తాయని పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లో నేను దాన్ని సిఫారసు చేయను, బొద్దింకల భయముంటే మైదా మానేసి బైట అంటించేదానికీ తెల్ల జిగురే వాడుకోండి.

ఈ గూడు వంటింటికి పనికిరాదు. ఆవిరి తగిలిన అట్ట బలం పోగొట్టుకుంటుంది. అచ్చు ఇంకు, పాత కాగితం కలిసిన అట్టకు తినే సరుకు నేరుగా తగలకూడదు కూడా. వానాకాలంలో చెమ్మెక్కే గోడకూ, చెద పట్టే మూలకూ దూరంగా పెట్టండి.

మూడో పాఠంలో సొరుగులో సూదులు, బొత్తాలు, ఛార్జర్లు వేరుగా పెట్టుకునే గళ్లు చేస్తాం. అంతలోపు మీ సొరుగు లోపలి పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాసుకోండి. సీసాలొచ్చే పెట్టెల్లో ఒకదాంట్లో ఒకటి ఇరికించిన అడ్డ అట్టలుంటాయి. మందుల షాపులోనో కిరాణా కొట్లోనో అడిగి ఒక జత తెచ్చిపెట్టుకుని, వాటి గాడి ఎంత లోతు కోశారో చూడండి.