కొత్త బ్యాటరీ కొనే ముందు మీటర్ పెట్టి చూడండి: పాత మారుతి 800 చార్జింగ్ కష్టాలు

నా 1997 మారుతి 800కి ఒకే ఏడాదిలో రెండు బ్యాటరీలు కొన్నాను. రెండోది వేయించిన మూడు నెలలకే మళ్ళీ పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్ టిక్ తప్ప ఇంకేం లేదు. వీధిలో కుర్రాళ్ళు నన్ను చూస్తేనే చొక్కా చేతులు మడిచేవాళ్ళు, తోయడానికి. చివరికి చూస్తే తప్పు బ్యాటరీది కాదు, డైనమోది (ఆల్టర్నేటర్ అన్నా అదే, ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) కూడా కాదు. అదేంటో మధ్యలో చెప్తాను, ముందు మీ బండి సంగతి చూద్దాం.

కావాల్సింది ఒక డిజిటల్ మల్టీమీటర్. నాలుగైదు వందల్లో వచ్చేది చాలు. 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టండి. బండి రాత్రంతా ఆగి ఉండాలి, పొద్దున తాళం కూడా పెట్టకముందే బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మీద మీటర్ పెట్టండి. 12.6 ఉంటే ఫుల్, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. ఖాళీ బ్యాటరీతో మిగతా పరీక్షలు చేస్తే లెక్కలన్నీ తప్పొస్తాయి, అందుకని ముందు బయట చార్జింగ్ పెట్టించుకుని రండి. చార్జ్ అయ్యాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ 9.5 కంటే కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీనే అనుమానించొచ్చు.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేసి పట్టుకోండి. ఆర్‌పీఎం మీటర్ ఈ బండికి లేదు, చెవే మీటర్, ఐడిల్‌కి (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగానికి) రెట్టింపు అనుకోండి. బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్ అన్నీ వేశాక కూడా 13.5 దాకా నిలబడాలి. స్టార్ట్ చేసినా 12.5 దగ్గరే ఉండి మెల్లగా దిగుతోందంటే చార్జింగే అవ్వట్లేదని. 15 దాటిందంటే వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీలో నీళ్ళు ఊరికే తగ్గిపోవడం, బల్బులు మాటిమాటికీ మాడిపోవడం దాని పనే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను. పాతకాలం మెకానిక్కులు కొందరు ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేసి, బండి ఆగకపోతే డైనమో బాగానే ఉందంటారు. అలా చేయనివ్వకండి. బ్యాటరీ లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి డైనమో లోపలి డయోడ్లు (దాని కరెంటుని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేవి), రెగ్యులేటర్ మాడిపోవచ్చు. బాగున్నదాన్ని పాడుచేసే పరీక్ష అది.

చార్జింగ్ లేదని తేలిందా, వెంటనే ఆల్టర్నేటర్ ఊడదీయొద్దు. ముందు దాన్ని తిప్పే బెల్ట్ చూడండి. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు సెంటీమీటర్ లోపలికి పోవాలి, మరీ వదులుగా ఉంటే లైట్లు వేయగానే కీచుమంటుంది. ఇంజిన్ ఆపి తాళం తీశాకే చేయి పెట్టండి, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో దానికే తెలియదు. ఇంకోటి, వాటర్ పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే. దారిలో బ్యాటరీ లైటు వెలిగి, టెంపరేచర్ ముల్లు కూడా లేస్తుంటే బెల్ట్ తెగినట్టే అనుకుని బండి పక్కకి ఆపేయండి, ఇంటిదాకా పోనిద్దాం అనుకుంటే ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ ఖర్చు.

తర్వాత డ్యాష్‌బోర్డ్ మీద బ్యాటరీ లైటు. తాళం తిప్పగానే వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే చాలామంది హాయిగా వదిలేస్తారు. కానీ ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు అందేది ఆ చిన్న బల్బు ద్వారానే, అది మాడిపోతే చార్జింగ్ మొదలే కాకపోవచ్చు. అలాంటప్పుడు బల్బు మార్చడం చాలా చౌక బేరం. తాళం తీసేశాక కూడా మినుకుమినుకుమంటుంటే మాత్రం లోపల డయోడ్ పోయిందని.

ఇప్పుడు నా కథ. నా బండిలో బ్యాటరీ దగ్గర 13.1 వస్తోంది, పూర్తిగా లేదనీ అనలేం, సరిపోతోందనీ అనలేం. లైట్లు వేసి, రేజ్ చేసి పట్టుకోమని మా తమ్ముడికి చెప్పి, మీటర్ ఒక వైరు ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించే బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టాను. ఆ మధ్య 0.3 వోల్టులు దాటకూడదు. నాకు 1.2 చూపించింది! ఆల్టర్నేటర్ 14.3 పంపుతుంటే దారిలోనే అంత పోతోందన్నమాట. బ్యాటరీ మైనస్ ఊడదీసి, రబ్బరు టోపీ వెనక్కి లాగి చూస్తే నట్టు వేలితోనే తిరిగింది, దాని కింద లగ్ (వైరు చివర బోల్టుకి బిగించే రింగు) నల్లగా మాడి, వైరు తొడుగు పెళుసుగా అయిపోయి ఉంది. కొత్త లగ్ వేయించి, వైరు మంచి రాగి కనబడేదాకా కత్తిరించి బిగిస్తే ఖర్చు వంద రూపాయల్లోపే. రెండు బ్యాటరీల డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇదే పరీక్ష ఎర్త్ వైపు కూడా చేయండి, ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి. 0.2 దాటితే ఇంజిన్ ఎర్త్ వైరు తీసి, బోల్టు కింద తుప్పు గీకి బిగించండి. టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి ఉంటే ముందు మైనస్, తర్వాత ప్లస్ ఊడదీసి, వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడిగి, ఆరాక బిగించి వ్యాజిలిన్ రాయండి. సెల్ మూతల్లోకి ఆ నీళ్ళు పోకుండా చూసుకోండి.

వైర్లన్నీ బాగుండి ఆల్టర్నేటర్ బోల్టు దగ్గరే 13 రాకపోతే అప్పుడు ఊడదీయండి. చాలాసార్లు లోపల కార్బన్లు (తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే చిన్న ముక్కలు) అరిగిపోయి ఉంటాయి, కార్బన్లు, రెగ్యులేటర్ వేసి ఇచ్చే ఆటో ఎలక్ట్రీషియన్ దొరికితే కొత్తది కొనక్కర్లేదు.

చార్జింగ్ బాగానే ఉన్నా తెల్లారేసరికి డౌన్ అవుతోందా? బ్యాటరీ మైనస్ తీసి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల దగ్గర పెట్టండి. తలుపులన్నీ మూసి ఉండాలి, సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటర్ పోతుంది. 0.05 ఆంపియర్ కంటే ఎక్కువ చూపిస్తే ఒక్కో ఫ్యూజ్ తీస్తూ పోండి, ఎక్కడ తగ్గితే అక్కడే లీకు. ఏ ఫ్యూజ్ తీసినా తగ్గకపోతే ఆ ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి, టేపు చుట్టి మళ్ళీ చూడండి, అప్పుడు తగ్గితే డయోడే. నావరకు, తర్వాత ఓసారి మళ్ళీ డౌన్ అయినప్పుడు దొరికింది డయోడూ కాదు, డిక్కీ లోపల ఎవరికీ కనబడకుండా వెలుగుతున్న చిన్న లైటు.