అమ్మానాన్నలకు అమెరికా విజిటర్ వీసా: గుంటూరు నుంచి దరఖాస్తు ఇలా

అమ్మాయి సీమంతానికో, అబ్బాయి గృహప్రవేశానికో అమెరికా వెళ్లాలనుకునే పెద్దవాళ్లు పెట్టుకోవాల్సింది బీ2 వీసా. చదువుకు ఎఫ్1, ఉద్యోగానికి హెచ్1బీ. వాటి దారి వేరు.

మొదటి పని ఆన్‌లైన్లో డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం నింపడం. మనవాళ్లకు చిక్కంతా ఇంటిపేరు దగ్గరే. ఆధార్‌లో ఎలా ఉన్నా, పాస్‌పోర్టులో అచ్చయినట్టే కొట్టాలి. అందులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటే, ఆ మొత్తం డీఎస్-160లో సర్‌నేమ్ కిందికి వస్తుంది. గివెన్ నేమ్ దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టాలి. టైముంటే పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు చేర్పించుకోవడమే నయమని నా అభిప్రాయం. ఫారం మధ్యలో వదిలేసి కాఫీకి లేచారా, 20 నిమిషాలు దాటితే సైట్ బయటికి నెట్టేస్తుంది. మొదట్లో ఇచ్చే అప్లికేషన్ ఐడీ కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఫీజు మనిషికి 185 డాలర్లు. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు.

వేలిముద్రలకు ఒక స్లాటు, ఇంటర్వ్యూకి ఇంకొకటి. రెండింటికీ హైదరాబాద్ వెళ్లాల్సిందే. కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది. ముందురోజే చేరుకోండి, తెల్లారుజాము బస్సును నమ్ముకోవద్దు. ఇంటర్వ్యూ తెలుగులో కావాలని అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బీ) సెక్షన్ ప్రకారం, మీరు తిరిగొస్తారని నమ్మకం కలిగించేదాకా అక్కడే ఉండిపోయే మనిషిగానే లెక్క. బ్రాడీపేటలో ఇల్లు, నెలనెలా పెన్షను, తెనాలి పక్కన పొలం లాంటివి పనికొచ్చేది అందుకే. ఎందుకెళ్తున్నారంటే "మనవరాలి అన్నప్రాసన, సంక్రాంతికల్లా వచ్చేస్తాం" అన్నంత సూటిగా చెప్పండి. ఫైలు బరువు చూసి వీసా ఇవ్వరు. చాలామందిని దాన్ని తెరవమని కూడా అడగరు.

వీసా మీద 10 ఏళ్లని ఉంటే అన్నేళ్లూ ఉండొచ్చని కాదు. దిగిన ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఇచ్చే ఐ-94 అనే ప్రవేశ రికార్డులోని తేదీయే గడువు, మామూలుగా 6 నెలలు.

"గడువైపోతే అసైలం వేసేద్దాంలే" అనే సలహాదారులు ఊరికొకరు ఉంటారు. అసైలం అంటే ఆశ్రయం. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గమన్న కారణంతో సొంత దేశంలో వేధింపుల భయమున్నవాళ్లకు అది. అమెరికా చేరిన ఏడాదిలోపు ఐ-589 ఫారం వేయాలి. భయానికి ఆధారం చూపాల్సింది వేసినవాళ్లే. తెలిసి తెలిసి కట్టుకథ రాశారని ఇమిగ్రేషన్ జడ్జి తేలిస్తే, ఆ తర్వాత గ్రీన్‌కార్డు లాంటి వాటికి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.