లయన్‌ఫిష్‌ను పట్టి, ముళ్లు తీసి, వండుకోవడం ఎలా

తేలుకు విషం కొండిలో ఉన్నట్టు లయన్‌ఫిష్‌కు విషమంతా ముళ్లలోనే ఉంటుంది. మాంసంలో ఉండదు. ముళ్లు తీసేశాక మిగిలేది తెల్లగా, గట్టిగా, నీచు వాసన పెద్దగా లేని మంచి చేప. ఈ తేడా తెలియకే ఫ్లోరిడాలోనూ కరీబియన్ దీవుల్లోనూ చాలామంది దీన్ని వంటింట్లోకి రానివ్వరు.

అసలు ఇది ఇండో-పసిఫిక్ సముద్రాల చేప. అక్కడ దీని జోలికి వెళ్లాల్సిన పని లేదు. అట్లాంటిక్‌లో మొదటిసారి కనిపించింది 1985లో, ఫ్లోరిడాలోని డానియా బీచ్ దగ్గర. అక్వేరియంలలో పెంచి విసిగిపోయినవాళ్లు సముద్రంలో వదిలేసిన చేపలే దీనికి మూలమని శాస్త్రవేత్తలు భావిస్తారు. 2000 తర్వాత బహామాస్, కరీబియన్, గల్ఫ్ ఆఫ్ మెక్సికో వరుసగా దీని పాలయ్యాయి. అక్కడి పెద్ద చేపలకు ఇది తిండిలా కనిపించదు, చిన్న చేపలకు ఇది శత్రువని తెలియదు. ఆడ చేప కొద్ది రోజులకోసారి చొప్పున ఏడాది పొడుగునా గుడ్లు పెడుతుంది, ఏడాదికి 20 లక్షల దాకా. బహామాస్‌లో చిన్న పగడపు దిబ్బల మీద చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, లయన్‌ఫిష్ ఉన్నచోట ఐదు వారాల్లోనే కొత్తగా చేరే పిల్ల చేపలు సగటున 79 శాతం తగ్గాయి. అమెరికా సముద్ర సంస్థ నోవా 2010లో ‘లయన్‌ఫిష్ తినండి’ అని ప్రచారం మొదలుపెట్టింది అందుకే.

పట్టడం

గాలానికి ఇది చాలా అరుదుగా పడుతుంది. కాబట్టి నీళ్లలోకి దిగి ఈటెతో పొడవాల్సిందే. ఫ్లోరిడాలో పోల్ స్పియర్ (రబ్బరు పట్టీతో వదిలే పొడుగాటి ఈటె), హవాయియన్ స్లింగ్ (ఉండేలులా లాగి ఈటెను వదిలే సాధనం), చేతి వల లాంటి వాటితో సొంతానికి పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. సైజు, సంఖ్య, సీజన్ అనే పరిమితులూ లేవు. అమ్మాలంటే మాత్రం లైసెన్సు కావాలి. ఈటె వేటను పూర్తిగా నిషేధించిన చోట్లు కూడా ఉన్నాయి, దిగేముందు కనుక్కోండి.

పొద్దున, సాయంత్రం ఇది వేటకు బయటికొస్తుంది. మధ్యాహ్నం రాళ్ల అంచుల కింద, చాలాసార్లు తలకిందులుగా, కదలకుండా ఉంటుంది. పారిపోదు. ముళ్లు విప్పుకుని అక్కడే నిలబడుతుంది. మీకు కలిసొచ్చేది ఈ పొగరే. మూడు మొనల ఈటెతో మెల్లగా ఒక అడుగు దూరం దాకా వెళ్లి, తలకు సరిగ్గా వెనక, మొప్పల దగ్గర గురిపెట్టండి. కడుపులో పొడిస్తే మాంసం పాడవుతుంది, చేప గింజుకుని ఊడిపోతుంది కూడా. గురి తప్పిన చేప మాత్రం తర్వాత జాగ్రత్తపడి, ఈటె చూడగానే లోపలి సందుల్లోకి దూరిపోతుంది. నమ్మకం లేనప్పుడు వదలకండి.

ఈటె మీద నుంచి చేత్తో లాగడం ఎక్కువమంది చేసే తప్పు. ముల్లు గుచ్చుకునేది అప్పుడే. మూతిలోంచి చేపను లోపలికి తోస్తే తిరిగి బయటికి రానివ్వని గట్టి ప్లాస్టిక్ గొట్టం వాడండి. మామూలు వల సంచీ పనికిరాదు, ముళ్లు అందులోంచి పొడుచుకొచ్చి తొడకు తగులుతాయి. చచ్చిన చేపను గ్రూపర్ అనే పెద్ద చేపకో షార్క్‌కో తినిపించి అలవాటు చేద్దామనుకోవద్దు. అవి నేర్చుకునేది లయన్‌ఫిష్ తినడం కాదు, డైవర్ వెంటపడటం. ఒడ్డుకు రాగానే ఐస్‌లో పెట్టండి.

ముళ్లు తీయడం

ముళ్లు మొత్తం 18. వీపు మీద 13, పొట్ట కింది జత రెక్కలకు ఒక్కోటి చొప్పున 2, తోకకు ముందు కింది రెక్కలో 3. విసనకర్రలా విచ్చుకునే పక్క రెక్కల్లోగానీ తోకలోగానీ విషం లేదు, భయపెట్టేది మాత్రం అవే.

ఒక వీపు ముల్లును కత్తిరించి వెలుతురులో చూస్తే సంగతి అర్థమవుతుంది. రెండు పక్కలా సన్నని గాడి, ఆ గాడిలో విషం తయారుచేసే కణజాలం, పైన తొడుగులాంటి పల్చటి చర్మం ఉంటాయి. ముల్లు దిగేటప్పుడు ఆ తొడుగు వెనక్కి ముడుచుకుని విషం గాయంలోకి జారుతుంది. ఇందులో చేప చేయాల్సిన పనేమీ లేదు. అందుకే చచ్చిన చేప ముల్లు కూడా గుచ్చుకుంటే అంతే ప్రమాదం. ఐస్‌లో పెట్టినంత మాత్రాన, ఫ్రీజర్‌లో గడ్డకట్టినంత మాత్రాన విషం పోయిందనుకోవద్దు.

ముల్లు దిగని గ్లవ్స్ వేసుకోండి, కానీ ఏ గ్లవ్స్‌నూ పూర్తిగా నమ్మకండి. పట్టకారుతో కింది దవడను పట్టుకుని, చికెన్ కోసే బలమైన కత్తెరతో తల వైపు నుంచి మొదలుపెట్టి వీపు ముళ్లను మొదలంటా కత్తిరించండి. పైపైన కత్తిరిస్తే మిగిలిన మొండి ముక్కలో విషం ఉండిపోతుంది, పైగా అది కంటికి ఆనదు. తర్వాత చేపను తిప్పి పొట్ట కిందివి, తోక ముందువి తీయండి. కత్తిరించినవి ఎగిరి నేలమీద పడతాయి కాబట్టి ఒక్కోటీ లెక్కపెడుతూ మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో వేయండి. లెక్క 18కి రాకపోతే బల్లకిందా వెతకండి.

అక్కడి నుంచి మామూలు చేపే. పక్క రెక్క వెనక ఏటవాలుగా వెన్నుముల్లు దాకా కోసి, కత్తిని అడ్డంగా తిప్పి వెన్నుముల్లును రాసుకుంటూ తోక దాకా లాగండి. చర్మం వైపు కిందికి ఉండేలా పెట్టి, మాంసాన్ని చర్మం నుంచి విడదీయండి. ముక్కకు తల వైపు వరసగా సన్నని ముళ్లు వేలికి తగులుతాయి, ఆ భాగాన్ని వి ఆకారంలో కోసి తీసేయండి. మొత్తం బరువులో మూడో వంతు మాంసం వస్తే బాగా కోసినట్టే. 450 గ్రాముల చేపకు సుమారు 150 గ్రాములు. వేలెడంత చేపల్లో ఏమీ దక్కదు. వాటిని కూడా పట్టండి, కానీ వండటానికి పెద్దవే ఏరుకోండి.

గుచ్చుకుంటే

నీళ్లలో ఉండగా గుచ్చుకుంటే కంగారుపడకుండా మెల్లగా పైకి రండి. వేగంగా పైకి లేవడం ముల్లు కన్నా ప్రమాదం. గాయంలో మిగిలిన ముక్కలుంటే తీసి, చేతిని వేడినీళ్లలో ముంచండి. 43 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ విషం ప్రొటీన్, వేడికి చెడుతుంది. 30 నుంచి 90 నిమిషాలు ఉంచి, చల్లారుతుంటే వేడినీళ్లు కలపండి. నొప్పి మీదున్న చేతికి వేడి సరిగా తెలియదు, కాబట్టి ముందు రెండో చేత్తో చూడండి. మరిగే నీళ్లు పోసుకుని చర్మం కాల్చుకున్నవాళ్లున్నారు. తాడు బిగించి కట్టడం పనికిరాదు. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఎక్కడి చేప తినకూడదు

ముళ్ల విషంతో సంబంధం లేని మరో సమస్య ఉంది, సిగ్వాటెరా. దిబ్బల మీద పెరిగే సూక్ష్మజీవుల విషం చిన్న చేపల నుంచి పెద్ద చేపల్లోకి చేరుతుంది. వండినా, గడ్డకట్టించినా, ఊరబెట్టినా పోదు. రుచిలో, వాసనలో తేడా కూడా ఉండదు. వర్జిన్ దీవుల చుట్టూ పట్టిన కొన్ని లయన్‌ఫిష్‌లలో ఇది బయటపడింది. ఏ దిబ్బ మీది బారాకుడా, గ్రూపర్ లాంటి పెద్ద వేట చేపలను అక్కడి జాలర్లే తినరో, ఆ దిబ్బ మీది లయన్‌ఫిష్‌నూ తినకండి. పట్టి పారేయండి, దిబ్బకు మేలు జరిగే ఉంటుంది.

వండటం

సెంటీమీటరు మందం ముక్కలకు ఉప్పు రాసి, బాగా కాగిన పెనం మీద ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు చాలు. లోపల 63 డిగ్రీలు చేరాలి. ఇంకాస్త ఉంచుదాం అనుకుంటే పల్చటి చేప కాబట్టి పీచులా ఎండిపోతుంది. చేపను ముక్కలు చేయకుండా మొత్తంగా వేయించాలంటే పొలుసులు గీకి, పేగులు తీసి, రెండు వైపులా గాట్లు పెట్టి, కార్న్‌ఫ్లోర్ అద్ది, 180 డిగ్రీల నూనెలో ఆరేడు నిమిషాలు. విషం లేని ఆ పక్క రెక్కలు అప్పడాల్లా కరకరలాడతాయి. వాటిని కోసి పారేయడం అన్యాయం.

నిమ్మరసంలో ఊరబెట్టే సెవిచేకి అర కిలో ముక్కలను సెంటీమీటరు చొప్పున తరిగి, చెంచా ఉప్పు, ముక్కలు మునిగేంత నిమ్మరసం పోసి ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర తినే ముందు కలపండి. నిమ్మరసంతో ముక్క తెల్లబడుతుంది గానీ పురుగులు చావవు. కాబట్టి ముందే మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం రోజులు గడ్డకట్టించి ఉంచాలి. మామూలు ఇంటి ఫ్రీజర్ అంత చల్లబడకపోతే సెవిచే మానేసి వేయించుకోండి.

తలను, వెన్నుముల్లును పారేయకుండా నీళ్లలో ఇరవై నిమిషాలు ఉడికిస్తే సూప్‌కు చక్కటి రసం వస్తుంది. వడకట్టి చూడండి, కత్తెరకు తప్పించుకున్న ముల్లు మొదళ్లు ఏవైనా ఉంటే జల్లెడలో దొరుకుతాయి.