కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌లలో పరిణతిని గుర్తించడం ఎలా

ఒక రాపర్ ఏళ్లు గడిచేకొద్దీ ఎదిగాడా లేదా అని తేల్చుకోదలచినవారు సాధారణంగా పాటల విషయాలను చూస్తారు. మొదట్లో డబ్బు, కార్లు, కొట్లాటలు ఉండి, తరువాత కుటుంబం, దేవుడు, సమాజం కనిపిస్తే పరిణతి వచ్చిందని అనుకుంటారు. ఈ కొలత చాలదు, ఎందుకంటే ఎంత గంభీరమైన విషయాన్నైనా పైపైన చెప్పి వదిలేయవచ్చు. కళాకారుడు తాను ఒకప్పుడు అన్న మాట దగ్గరికి తిరిగి వచ్చి, దానికి తానే జవాబు చెప్పుకోవడం అంతకంటే నమ్మదగిన గుర్తు అని నేను భావిస్తాను. 1987లో కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పుట్టిన రాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌లు ఈ విధంగా వినడానికి ఎంతో అనువైనవి.

ముందుగా షఫుల్‌ను ఆపివేసి, ఆల్బమ్‌లను విడుదలైన వరుసలో పెట్టుకోవాలి: సెక్షన్.80 (2011), గుడ్ కిడ్ మ్యాడ్ సిటీ (2012), టు పింప్ ఎ బటర్‌ఫ్లై (2015), డ్యామ్ (2017), మిస్టర్ మోరేల్ అండ్ ది బిగ్ స్టెపర్స్ (2022), జీఎన్‌ఎక్స్ (2024). ప్రతి పాటనూ ఒకసారి గొంతు కోసం, మరొకసారి లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని వినాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా కాంప్టన్ యాస, వీధి మాటలు ఒక్కసారికి అందవు. పాటలో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే తరువాతి పని సులువవుతుంది.

ఇప్పుడు రెండు పాటలను పక్కపక్కన పెట్టి వినండి. సెక్షన్.80లోని 'కీషాస్ సాంగ్' పడుపు వృత్తిలో చిక్కుకుని హత్యకు గురైన ఒక అమ్మాయి కథ. కెండ్రిక్ దానిని జాలితోనే చెప్పాడు. చివరలో, పదకొండేళ్ల తన చెల్లెలిని కూర్చోబెట్టి ఆ పాట వినిపించానని కూడా అన్నాడు. అంటే ఆ అమ్మాయి జీవితం ఆ పాటలో ఒక హెచ్చరికగా, పాఠంగా మారింది. మరుసటి ఏడాది వచ్చిన, పన్నెండు నిమిషాలు సాగే 'సింగ్ అబౌట్ మీ, ఐయామ్ డైయింగ్ ఆఫ్ థర్స్ట్'లో రెండో చరణం కీషా సోదరి గొంతుతో నడుస్తుంది. మా సోదరి కథను పాటగా కట్టే హక్కు నీకెవరు ఇచ్చారని ఆమె నిలదీస్తుంది. తాను మాసిపోనని ఆమె అంటూ ఉండగానే ఆ గొంతు మెల్లగా సన్నగిల్లి వినబడకుండా పోతుంది. తన జాలిలో దాగిన అహంకారాన్ని ఎత్తిచూపే మనిషికి అతడే గొంతు ఇచ్చాడు, ఆమె కోపాన్ని తగ్గించి రాయలేదు. ఇరవై అయిదేళ్ల వయసులో అంతటి నిజాయితీ ఎలా సాధ్యమైందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తరువాత ఒకే మనిషిని ఆల్బమ్ వెంట ఆల్బమ్‌గా వెంబడించాలి. కెండ్రిక్ విషయంలో తండ్రిని ఎంచుకోవచ్చు. 2012 ఆల్బమ్‌లో ఆయన తన డామినోల (బిళ్లలతో ఆడే ఆట) గురించి అడిగే సరదా మనిషి, ఆపైన 'రియల్' పాటలోని వాయిస్‌మెయిల్‌లో బాధ్యత అంటే ఏమిటో కొడుక్కి చెప్పే పెద్దమనిషి. 2017లో 'డక్‌వర్త్'లో ఆయన కేఎఫ్‌సీ కౌంటర్ దగ్గర పనిచేసే యువకుడు. దోచుకోవడానికి వచ్చినవాడిని మంచితనంతో మెత్తబరిచి ప్రాణం దక్కించుకుంటాడు. 2022లో 'ఫాదర్ టైమ్' వచ్చేసరికి, ఆ తండ్రి నేర్పిన కాఠిన్యం తనలో ఎంత మిగిలిపోయిందో కొడుకు లెక్క చూసుకుంటాడు. ప్రేమ తగ్గలేదు, చూపు మాత్రం లోతుకు వెళ్లింది.

గొంతును కూడా సాక్ష్యంగా తీసుకోవాలి. టు పింప్ ఎ బటర్‌ఫ్లైలో 'యు' పాట సగం నుంచి హోటల్ గదిలో ఏడుస్తూ తనను తాను తిట్టుకునే మనిషిది. అక్కడ స్వరం పగిలిపోవడానికి అతడు వెనుకాడలేదు.

అన్నిటికంటే కష్టమైన పరీక్ష 2022 ఆల్బమ్‌లోని 'ఆంటీ డైరీస్' పాట దగ్గర ఎదురవుతుంది. ఇందులో అతడు తన ట్రాన్స్‌జెండర్ బంధువుల గురించి మాట్లాడుతూ, చిన్నతనంలో తాను వాడిన తిట్టుమాటలను అలాగే మళ్లీ పలికాడు. అది గాయపరిచిందన్నవారూ ఉన్నారు, ధైర్యమన్నవారూ ఉన్నారు. ఇద్దరి మాటా వినదగినదే. అయితే పాట ముగింపును జాగ్రత్తగా వినండి. 2018లో అలబామాలోని ఒక వేదికపై, నల్లజాతివారిని కించపరిచే పదాన్ని పలికిన శ్వేతజాతి అభిమానిని అతడు ఆపిన సంఘటనను అక్కడ గుర్తుచేసుకుని, అదే న్యాయం తన మాటలకూ వర్తించాలని ఒప్పుకుంటాడు.

ఎదుగుదల తిన్నగా సాగుతుందని మాత్రం ఆశించకండి. 2024లో మరో రాపర్ డ్రేక్‌తో తగవు తరువాత వచ్చిన జీఎన్‌ఎక్స్ పాత కసితో, పట్టుదలతో మొదలవుతుంది. ఇది వెనకడుగని తొందరపడి రాసుకునే ముందు అదే ఆల్బమ్‌లోని 'రీఇన్‌కార్నేటెడ్' వినాలి. అందులో దేవుడితో జరిగే సంభాషణలో, నీకు యుద్ధమంటే ఇష్టమన్న నింద కెండ్రిక్ మీదికే వస్తుంది. ఆ నిందకు అతడు చెప్పిన జవాబును నోట్‌బుక్‌లో విడి పేజీలో రాసి, కింద చోటు వదలండి. తరువాతి ఆల్బమ్‌ను వినడం ఆ పేజీ నుంచే మొదలుపెట్టవచ్చు.