సప్లయర్ కొట్టిన హెచ్‌ఎస్ కోడ్‌ని అలాగే వేసెయ్యకండి

పత్తర్‌గట్టీలో షాపున్న తమ్ముడొకడు మొన్న ఫోన్ చేసి, అన్నా చైనా నుంచి ముత్యాలు తెప్పిస్తున్నా, ఇన్వాయిస్ మీద హెచ్‌ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే అంకెలు) ఉంది, కస్టమ్స్ కాగితాల్లో అదే వేసేద్దామా అన్నాడు. వద్దురా, ముందు సరుకేంటో సరిగ్గా చెప్పు అన్నా.

ఎందుకంటే విడి ముత్యాలైతే, నేచురలైనా కల్చర్డైనా (పెంచినవైనా), 7101లోకి వస్తాయి. రవాణాలో చెదిరిపోకుండా ఉత్తినే దారానికి గుచ్చి పంపినా 7101లోనే. అదే హుక్ పెట్టి మెళ్ళో వేసుకునే దండ చేసి పంపారనుకోండి, బంగారం వెండి లేకపోతే 7116. గాజుతో చేసిన ఇమిటేషన్ ముత్యాలైతే 7018. కంటికి అన్నీ ముత్యాలే కానీ మూడు చోట్లకి పోతాయి.

అందుకే ఆర్డర్ ఇచ్చేముందే దేంతో చేశారు, ఎంతవరకు తయారైంది, దేనికి వాడతారు అని సప్లయర్ దగ్గర రాతలో తీసుకోండి, ఫొటోలు కూడా. తర్వాత కస్టమ్స్ టారిఫ్ (కోడ్‌లూ డ్యూటీ రేట్లూ ఉండే పట్టిక) తెరిచి నాలుగంకెల హెడింగ్‌లో ఏం రాసుందో, పైన సెక్షన్ నోట్స్ చాప్టర్ నోట్స్ ఏమంటున్నాయో చదవండి, చాప్టర్ పేరు చూసి మాత్రం తేల్చకండి, అది వెతుక్కోడానికే. కోడ్‌లో మొదటి 6 అంకెలు అన్ని దేశాలకీ ఒకటే, మన 8 అంకెల్లో చివరి రెండూ మనవి, కాబట్టి వాళ్ళ పూర్తి కోడ్ ఇక్కడ నడవదు.

కోడ్ తేలాక డ్యూటీ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) పాలసీలో ఫ్రీయా రిస్ట్రిక్టెడా, బీఐఎస్ (నాణ్యత ప్రమాణాల) సర్టిఫికెట్ కావాలా చూడండి. బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ తప్పనిసరి, సరుకు శంషాబాద్ కార్గోలో దిగాక తెలిస్తే చేసేదేం లేదు.

బ్రోకర్ ఫైల్ చేస్తాడు కదా అని వదిలేస్తారు చాలామంది, నాకు బాధగా ఉంటుంది. సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే కోడూ డ్యూటీ మనమే తేల్చి చెప్పడం, కాబట్టి బాధ్యత మనదే, తక్కువ కట్టిన డ్యూటీకి 2 ఏళ్ళ దాకా నోటీసు రావచ్చు, కావాలని దాచారంటే 5 ఏళ్ళు, పైన 15 శాతం వడ్డీ. నిజంగా డౌటుంటే ముంబై లేదా ఢిల్లీలోని అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి (ఏ కోడో ముందే తేల్చి చెప్పే కస్టమ్స్ అధికారులకి) అప్లై చెయ్యండి, ఫీజు 10,000 రూపాయలు.

ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్ళకీ అంతే, డ్రాబ్యాక్, రోడ్‌టెప్ (ఎగుమతి సరుకు మీద పడ్డ డ్యూటీలు, పన్నులు వెనక్కిచ్చే స్కీములు) రేట్లు కోడ్ మీదే ఆధారపడతాయి.

తమ్ముడు సప్లయర్‌ని అడిగితే సగం హుక్ పెట్టిన దండలేనని తేలింది. ఇప్పుడు ఇన్వాయిస్‌లో రెండు లైన్లు విడిగా రాయిస్తున్నాడు.